శూన్యాన్ని కొలిచిన శిల్పి

క్రీ.శ. 1418 నాటికి ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరం నడిబొడ్డున, ఆకాశం వైపు నోరు తెరుచుకొని, ఒక పెద్ద ఖాళీ ఉండేది. ఆ నగరవాసులు 1296లో సాంటా మారియా దెల్ ఫియోరె అనే ప్రధాన దేవాలయానికి పునాది వేశారు. తరాలు గడిచాయి. గోడలు లేచాయి. పడమటి మండపానికి కప్పు పడింది. తూర్పున, బలిపీఠం ఉండవలసిన చోట, ఎనిమిది పలకల గోడ ఒకటి నేల నుంచి యాభై మీటర్లకు పైగా లేచి నిలిచిపోయింది. దాని మీద రావలసిన గుమ్మటం మాత్రం రాలేదు. ఒక గోడ నుంచి ఎదుటి గోడకు దూరం సుమారు 42 మీటర్లు. అంత ఖాళీని ఇటుకతో, రాతితో మూయడం ఎట్లాగో ఆ కాలపు మేస్త్రీలెవరికీ తెలియదు. గుమ్మటం ఆకృతి ఎట్లా ఉండాలో 1367లోనే నిర్ణయమైంది. బయట నుంచి ఊతగోడలు ఉండరాదన్న నియమం కూడా అప్పుడే ఏర్పడింది. ఆ నమూనాకు కట్టుబడి ఉంటామని ఆలయ అధికారులు ఏటేటా ప్రమాణం చేసేవారు. కట్టడమెట్లా అన్న చిక్కును మాత్రం రాబోయే తరాలకు వదిలిపెట్టారు.

ఆ ఖాళీని మూసినవాడు ఫిలిప్పో బ్రునెల్లెస్కి. విచిత్రమేమంటే, అంతకు ముందే అదే దేవాలయపు గుమ్మంలో నిలబడి, అడుగు పొడవు పలక మీద ఖాళీని కొలిచి చూపినవాడు కూడా ఆయనే.

చిత్రానికి రేఖ, వర్ణం, ఆకృతి, వెలుగునీడలు ఎట్లా అంగాలో స్థలం కూడా అట్లాంటి అంగమే. వస్తువుకూ వస్తువుకూ నడుమ ఉండే ఎడం, వస్తువు చుట్టూ పరచుకొన్న ఖాళీ, చూసే కంటికీ కనబడే వస్తువుకూ మధ్య ఉన్న దూరం - ఇవన్నీ కలిసి కళలో స్థలమవుతాయి. రంగును గిన్నెలో కలపవచ్చు. రేఖను కుంచెతో గీయవచ్చు. ఖాళీని గీసే కుంచె ఏదీ లేదు. చుట్టూ ఉన్నవాటి అమరిక నుంచే అది పుట్టాలి. అందువల్లనే కళాంగాలన్నింటిలోనూ ఇది చేతికి ఆలస్యంగా చిక్కింది. బ్రునెల్లెస్కి జీవితంలో కూడా అది ఆలస్యంగానే, అదీ ఒక పరాజయం తరువాతనే చిక్కింది.

ఆయన 1377లో ఫ్లారెన్స్‌లో జన్మించాడు. తండ్రి బ్రునెల్లెస్కో దస్తావేజులు రాసే నోటరీ; నగర ప్రభుత్వానికి పనులు చేసిపెట్టిన గౌరవనీయుడు. కుమారుడు కూడా తన వృత్తిలోనికే రావాలని ఆయన ఆశించాడు. ఫిలిప్పో చదువుకొన్నాడు గాని, మనసంతా చేతిపనుల మీదనే ఉండేది. తండ్రి పట్టుబట్టలేదు. స్వర్ణకారుని వద్ద పనికి కుదిర్చాడు. ఆ కాలపు ఫ్లారెన్స్‌లో ఏ వృత్తివారైనా తమ శ్రేణిలో సభ్యులై ఉండాలి. స్వర్ణకారులు పట్టు వర్తకుల శ్రేణికి అనుబంధంగా ఉండేవారు. 1398లో ఫిలిప్పో అందులో ప్రవేశించాడు. వెండి బంగారాలలో ప్రతిమలు చేయడం, రాళ్లు పొదగడం, గడియారాల చక్రాలు అమర్చడం - ఇవన్నీ ఆయనకు వశమయ్యాయి. పండ్ల చక్రాలు ఒకదాన్నొకటి ఎట్లా తిప్పుతాయో తెలిసిన ఆ జ్ఞానం ఇరవై ఏళ్ల తరువాత ఎంతో ఎత్తున ఉపయోగపడింది.

1401లో ఫ్లారెన్స్‌లో ఒక గొప్ప పోటీ జరిగింది. ప్రధాన దేవాలయానికి ఎదురుగా ఉన్న బాప్తిస్మ మందిరానికి కంచు తలుపులు చేయించాలని వస్త్ర వర్తకుల శ్రేణి సంకల్పించింది. ఏడుగురు శిల్పులు ఎంపికయ్యారు. అందరికీ ఒకే విషయమిచ్చారు: అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకును బలి ఇవ్వబోయే క్షణం. ఫలకం ఆకారం, కొలతలు, కంచు తూకం అన్నీ సమానం. గడువు ఏడాది. చివరకు పోటీ ఇద్దరి మధ్య నిలిచింది. ఇద్దరూ పాతికేళ్లు అటూ ఇటూ ఉన్న యువకులే. ఇద్దరూ స్వర్ణకార విద్య నేర్చినవారే. ఒకరు బ్రునెల్లెస్కి, రెండవవాడు లొరెంజో గిబెర్తి.

ఆ రెండు ఫలకాలూ ఫ్లారెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే నిలిచాయి. వాటిని పోల్చి చూడడం స్థలమంటే ఏమిటో నేర్పే ఒక పాఠం. బ్రునెల్లెస్కి ఫలకంలో ఆవేశమంతా ఉంది. తండ్రి కుమారుని మెడ పట్టుకొని కత్తి గొంతుకు ఆనించాడు. దేవదూత దూసుకువచ్చి ఆ చేతిని గట్టిగా పట్టుకొన్నాడు. కింద సేవకులు, గాడిద చట్రపు అంచులు దాటి బయటకు తోసుకువస్తున్నట్లుంటారు. ఎక్కడా ఊపిరి పీల్చుకొనే చోటు లేదు. గిబెర్తి ఫలకంలో దేవదూత ఇంకా దూరంగానే ఉన్నాడు. కత్తి ఇంకా గొంతును తాకలేదు. ఆ రెండింటి నడుమా కొంచెం ఖాళీ మిగిలింది. ఇస్సాకు బ్రతుకుతాడా లేదా అన్న ప్రశ్న అంతా ఆ ఖాళీలోనే ఉంది. దీనికి తోడు గిబెర్తి బొమ్మలో చాలాభాగాన్ని ఒకే పోతగా పోశాడు. అందుచేత ఆయనకు సుమారు 7 కిలోల కంచు తక్కువ పట్టింది. వర్తకులు తీర్పరులుగా ఉన్న చోట ఆ లెక్క కూడా పనిచేసే ఉంటుంది.

తలుపుల పని గిబెర్తికి దక్కింది. అందరూ తననే ఎన్నుకొన్నారని గిబెర్తి తన రచనలో చెప్పుకొన్నాడు. ఇద్దరూ కలిసి చేయమన్నారనీ, అందుకు ఫిలిప్పో అంగీకరించలేదనీ బ్రునెల్లెస్కి జీవితచరిత్ర రాసిన ఆంతోనియో మనెట్టి చెప్పాడు. ఏది నిజమైనా ఫలితం ఒకటే. గిబెర్తి 1424 వరకు ఆ తలుపుల పనిలో ఉన్నాడు. బ్రునెల్లెస్కి కంచు శిల్పాన్ని వదిలిపెట్టాడు.

ఓడినవాడు ఊరు విడిచాడు. తనకన్నా చిన్నవాడైన శిల్పి దొనతెల్లోతో కలిసి ఆయన రోమ్ నగరానికి వెళ్లాడని మనెట్టి రాశాడు. ఒకనాటి సామ్రాజ్య రాజధాని అప్పుడు శిథిలాల మధ్య మేకలు మేసే ఊరు. కూలిన గోడలు, సగం పూడిపోయిన స్తంభాలు, కప్పు నిలిచి ఉన్న పాంథియన్ ఆలయం - వీటి చుట్టూ ఇద్దరూ తిరిగారు. పునాదులు తవ్వి చూశారు. స్తంభం లావెంత, ఎత్తెంత, రెండు స్తంభాల మధ్య ఎడమెంత అని కొలిచారు. వారు పాతర కోసం తవ్వుతున్నారని ఊరివారు అనుకొన్నారట. ఒక విధంగా ఆ అనుమానం సరైనదే. దొనతెల్లోకు ప్రాచీన శిల్పాలు దొరికాయి; బ్రునెల్లెస్కికి స్తంభాల మధ్య ఎడం దొరికింది.

ఆ తరువాత ఆయన చేసిన ప్రయోగం చిత్రకళా చరిత్రనే మార్చింది. అది 1420కి ముందే జరిగిందని పండితుల అభిప్రాయం.

అంతకు పూర్వపు చిత్రకారులకు దూరం చూపడం బొత్తిగా తెలియదని కాదు. ముందున్నవాటిని పెద్దగా, వెనుకనున్నవాటిని చిన్నగా వేసేవారు. భవనాల అంచులను ఏటవాలుగా గీసేవారు. కాని ఎంత చిన్నగా, ఎంత వాలుగా అన్నది వారి చేతివాటం మీదనే ఆధారపడేది. ఒకే చిత్రంలో నేల ఒక దిక్కుకు, కప్పు మరొక దిక్కుకు పోతుండేవి. బ్రునెల్లెస్కి దీనిని లెక్కలోనికి తెచ్చాడు. రైలు పట్టాల మధ్య నిలబడి చూస్తే అవి దూరంగా పోయి ఒక బిందువు దగ్గర కలిసినట్లు కనబడతాయి. నిజానికవి ఎక్కడా కలియవు. చూసేవాని నుంచి లోపలికి పోయే సమాంతర రేఖలన్నీ అట్లాగే ఒకే బిందువుకు చేరతాయి; ఆ బిందువు సరిగ్గా చూసేవాని కంటికి ఎదురుగా ఉంటుంది. ఒక వస్తువు రెండింతల దూరానికి జరిగితే సగం ఎత్తుగా కనబడుతుంది; మూడింతలైతే మూడవ వంతు. సరూప త్రిభుజాల గురించి చదివిన విద్యార్థికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఆ త్రిభుజపు శీర్షాన్ని మనిషి కన్నులో ఉంచి, దాని భుజాలను పలక మీదుగా ఎదుటి భవనం దాకా సాగదీయవచ్చునని తోచడమే కొత్త. ఈ పద్ధతికే పరిప్రేక్ష్యమని పేరు. వాడుకలో పర్‌స్పెక్టివ్ అంటారు.

ఆయన ప్రధాన దేవాలయపు నడిమి గుమ్మంలో, గడపకు కొద్దిగా లోపల నిలబడి, ఎదురుగా ఉన్న బాప్తిస్మ మందిరాన్ని చిన్న పలక మీద చిత్రించాడు. తెలుపు, నలుపు పాలరాతి పట్టీలను ఎంతో సూక్ష్మంగా వేశాడు. తరువాత ఆ పలకకు ఒక రంధ్రం చేశాడు. బొమ్మ ఉన్న వైపు అది మసూరుపప్పు గింజంత; వెనుక వైపుకు వచ్చేసరికి వెడల్పై ఒక నాణెమంత. చూసేవాడు పలక వెనుక కన్ను ఆనించాలి; రెండవ చేతితో ఎదురుగా ఒక అద్దం పట్టుకోవాలి. రంధ్రం గుండా అద్దంలో బొమ్మ కనబడుతుంది. అద్దం తీస్తే అదే రంధ్రం గుండా అసలు మందిరం కనబడుతుంది. మళ్లీ అద్దం పెడితే బొమ్మ. రెండింటికీ భేదం తెలియలేదు.

రంధ్రమెందుకు? పరిప్రేక్ష్యంలో గీసిన చిత్రం ఒక్క చోటు నుంచి చూసినప్పుడే సంపూర్ణంగా నిజమవుతుంది. చూసేవాడు పక్కకు జరిగితే లెక్క తప్పుతుంది. కన్ను ఎక్కడ ఉండాలో ఆ రంధ్రం శాసించింది. చిత్రంలోని స్థలంతో పాటు చిత్రానికి బయట ఉన్న స్థలాన్ని, అంటే చూసేవాడు నిలబడిన చోటును కూడా ఆయన చిత్రంలో భాగం చేశాడు.

ఇంకొక విశేషముంది. భవనం పైన ఉండవలసిన ఆకాశాన్ని ఆయన చిత్రించలేదు. ఆ భాగంలో మెరుగుపెట్టిన వెండి రేకు అతికించాడు. నిజమైన ఆకాశం ఆ వెండిలో ప్రతిఫలించేది. గాలికి కదిలే మబ్బులు బొమ్మ మీదుగా సాగిపోయేవి. పాలరాతిని కొలవవచ్చు. మబ్బుకు అంచు లేదు, మూల లేదు, ఎక్కడి నుంచి కొలవాలో తెలియదు. కొలతకు లొంగనిదాన్ని గీసినట్లు నటించకుండా, దాని చోటు దానికే విడిచిపెట్టాడు. భారతీయ శాస్త్రాలలో ఆకాశానికి చెప్పిన పని అవకాశమివ్వడం, అంటే తక్కిన భూతాలకు చోటివ్వడం. సంస్కృతంలో పైనున్న నింగికీ, వస్తువులకు చోటిచ్చే శూన్యానికీ అదొక్కటే పేరు. ఆ భాష ఎరుగని ఫ్లారెన్స్ స్వర్ణకారుడు తన పలక మీద ఆ రెండు అర్థాలనూ ఒకేచోట చూపడం గమనించదగినది.

తరువాత ఆయన నగర ప్రభుత్వ భవనాన్నీ, దాని ముందున్న చౌకునూ మరొక పెద్ద పలక మీద వేశాడు. ఈసారి రంధ్రం లేదు. పలక పెద్దదైనందువల్ల అద్దంలో ఇమడదు. ఆకాశం సంగతి ఇక్కడ మరింత తెగువతో తేల్చాడు. భవనాల పైఅంచుల వెంబడి పలకనే కోసివేశాడు. చూసేవాడు పలకను ఎత్తిపట్టుకొంటే పైన నిజమైన ఆకాశమే కనబడేది. ఈ రెండు పలకలూ కాలగర్భంలో కలిసిపోయాయి. మొదటిదాన్ని చేత పట్టుకొని చూశానని మనెట్టి రాయడం వల్లనే వాటి సంగతి మనకు తెలిసింది.

బ్రునెల్లెస్కి ఈ పద్ధతి గురించి గ్రంథమేదీ రాయలేదు. చిత్రకారులకు చూపాడు, అంతటితో సరిపెట్టాడు. ఇరవై ఆరేళ్లకే 1428లో మరణించిన మసాచ్చో అనే చిత్రకారుడు సాంటా మారియా నొవెల్లా దేవాలయపు గోడ మీద త్రిత్వ చిత్రాన్ని వేసి, చదునైన గోడలోనికి ఒక గది తవ్వినట్లు భ్రమ కలిగించాడు. 1435లో అల్బెర్తి అనే పండితుడు చిత్రకళ మీద రాసిన గ్రంథంలో ఈ పద్ధతిని సూత్రబద్ధం చేశాడు. ఇటాలియన్ భాషలోని ప్రతిని బ్రునెల్లెస్కికే అంకితమిచ్చాడు. తరువాతి నాలుగు శతాబ్దాల ఐరోపా చిత్రకళ ఈ దారినే నడిచింది.

ఆయన మాత్రం అప్పటికే చిత్రాన్ని వదిలి భవనాల వైపు మళ్లాడు. 1419లో పట్టు వర్తకుల శ్రేణి దిక్కులేని శిశువుల కోసం ఒక శరణాలయం కట్టించ తలపెట్టి ఆయనకు అప్పగించింది. దాని ముందు భాగాన తొమ్మిది కమానుల వసారా ఉంది. అందులో స్తంభం ఎత్తు ఎంతో స్తంభానికీ స్తంభానికీ నడుమ ఎడం అంత. స్తంభం నుంచి వెనుక గోడకు దూరమూ అంతే. రాయి ఎక్కడ ఉందో ముందు నిర్ణయించి మిగిలినదాన్ని ఖాళీ అనడం మామూలు పద్ధతి. ఇక్కడ ముందు ఘనాకారపు ఖాళీలు వరుసగా అమరాయి. వాటి అంచులు తెలియడానికే అన్నట్లు బూడిదరంగు రాతి స్తంభాలు నిలిచాయి. వాటి వెనుక తెల్లని గోడ; అలంకారం స్వల్పం. 1445లో ఆ శరణాలయం తొలి శిశువును స్వీకరించింది. సాన్ లొరెంజో, సాంతో స్పిరితో దేవాలయాలలో కూడా ఆయన ఈ మార్గాన్నే అనుసరించాడు.

ఇక గుమ్మటం సంగతి. 1418 ఆగస్టులో ఆలయ అధికారులు పోటీ ప్రకటించారు.

కమాను గాని గుమ్మటం గాని కట్టేటప్పుడు కింద చెక్కతో సెంట్రింగ్ వేసి, దాని మీద ఇటుకలు పేర్చి, సున్నం గట్టిపడిన తరువాత చెక్కను తీసివేయడం నాటికీ నేటికీ వాడుక. 42 మీటర్ల వెడల్పు ఖాళీకి, యాభై మీటర్ల ఎత్తున, సెంట్రింగ్ వేయాలంటే ఒక అడవినే నరకాలి. అంత చెక్క దొరికినా తన బరువుకు తానే వంగిపోతుంది. మట్టితో నింపి దాని మీద కట్టాలని ఒకరు సూచించారనీ, మట్టిలో నాణేలు కలిపితే తరువాత జనమే దాన్ని తవ్వుకుపోతారని చెప్పారనీ ఒక కథ ఉంది. అసలు సెంట్రింగే లేకుండా కడతానని బ్రునెల్లెస్కి అన్నాడు. సభలో వాగ్వాదం చెలరేగింది. ఆయనను పిచ్చివానిగా భావించి మోసుకుపోయి బయట పడవేశారని మనెట్టి రాశాడు. ఆయన మాత్రం తన రహస్యాన్ని పూర్తిగా విప్పలేదు. ఇటుకలతో ఒక పెద్ద నమూనా కట్టి చూపాడు.

1420లో అధికారులు ఆయనను నియమించారు. ఒంటరిగా మాత్రం కాదు. సమాన అధికారంతో, సమాన వేతనంతో రెండవ పర్యవేక్షకుని కూడా నియమించారు. ఆ రెండవవాడు గిబెర్తి.

ఈ నియామకం బ్రునెల్లెస్కికి ఎంత కష్టమనిపించి ఉంటుందో ఊహించవచ్చు. ఒక కీలకమైన ఘట్టంలో ఆయన జబ్బు పడినట్లు మంచమెక్కాడని చెబుతారు. మేస్త్రీలు గిబెర్తిని అడిగితే, ఫిలిప్పో లేకుండా తానేమీ చేయనన్నాడట. ఆయన లేకుండా పని సాగదని ఊరంతటికీ తెలిసిన తరువాత రోగి లేచి కూర్చున్నాడు. కథలో అతిశయోక్తి ఉండవచ్చు; కాలక్రమాన గుమ్మటం పని అంతా ఆయన చేతిలోనికి వచ్చిందన్నది మాత్రం నిజం.

పని 1420 ఆగస్టు 7న ప్రారంభమైంది. ఆయన గుమ్మటాన్ని రెండు పొరలుగా రూపొందించాడు. లోపలిది మందమైనది, అడుగున రెండు మీటర్లకు పైగా ఉంటుంది. బయటిది పలుచనిది, వాననూ ఎండనూ తట్టుకోవడానికి. రెండింటి నడుమా మనిషి నడవగలిగినంత ఖాళీ. ఆ ఖాళీ వల్ల బరువు తగ్గింది, మెట్లకు చోటు దొరికింది. పైకెక్కే యాత్రికుడు 463 మెట్లలో చాలావాటిని ఆ రెండు పొరల మధ్యనే ఎక్కుతాడు. బరువుకు గుమ్మటం అడుగున విచ్చుకుపోకుండా, పీపాకు ఇనుప పట్టీలు బిగించినట్లు, ఇనుప కొక్కేలతో కలిపిన రాతి దూలాల గొలుసులను గోడ లోపల వలయాలుగా చుట్టించాడు.

సెంట్రింగ్ లేకుండా ఇటుకలు నిలవడం ఎట్లా? పైకి పోయినకొద్దీ గోడ లోపలికి వాలుతుంది. సున్నం ఆరక ముందే ఇటుక జారిపోవాలి. ఆయన వరుసలో పడుకోబెట్టిన ఇటుకల మధ్య కొంత దూరానికొకటి చొప్పున నిలువు ఇటుకలను పెట్టించాడు. నిలువు ఇటుక కింది వరుసలో పాతుకొని, పై వరుసలోనికి పొడుచుకువచ్చి, తన పక్కనున్నవాటిని జారనివ్వకుండా పట్టుకొంటుంది. ఈ నిలువు ఇటుకలు మెలి తిరుగుతూ పైకి సాగుతాయి. చూడడానికి చేప ముల్లు లాగా ఉంటుంది. ఒక వరుస చుట్టూ తిరిగి వచ్చి కలిసిందంటే అది ఒక మూసుకొన్న వలయం. ఇక అది పడడానికి వీలులేదు. ప్రతి ఇటుక పక్క ఇటుకను నొక్కి నిలబెడుతుంది. అట్లా ప్రతి వలయమూ తన పై వలయానికి ఆధారమయింది. వాడిన ఇటుకలు నలభై లక్షల పైమాటే అని అంచనా.

వాటిని పైకి చేర్చడానికి ఆయనే యంత్రం కట్టాడు. ఎద్దులు కింద గానుగ తిప్పినట్లు తిరుగుతుంటే పండ్ల చక్రాల ద్వారా తాడు చుట్టుకొని బరువు పైకి పోయేది. మామూలుగా బరువు దింపాలంటే ఎద్దులను విప్పి వెనుకకు తిప్పి కట్టాలి. ఒక మర తిప్పగానే ఎద్దులు అటే నడుస్తున్నా తాడు విడిపోయేటట్లు ఆయన చేశాడు. చిన్ననాటి గడియారాల చక్రాలే ఇక్కడ ఎద్దు కాడికి తగిలాయి.

మనుషుల సంగతి కూడా ఆయన మరువలేదు. మేస్త్రీలు నిలబడే పరంజా అంచులకు పలకల అడ్డు పెట్టాలని పని నియమాలలో ఉంది. వారు పడిపోకుండా ఉండడానికే కాదు. కింది లోతు వారి కంటపడి గుండె జారకుండా ఉండడానికి. ఆ శూన్యం కొలిచిన కంటికి ఒక తీరు, దాని అంచున సున్నపు తాపీ పట్టిన చేతికి మరొక తీరు.

పదహారేళ్లు ఆ పని సాగింది. ఆ కాలమంతా ఆయనకు విజయమే అనుకోరాదు. పాలరాతిని ఆర్నో నది మీదుగా తేవడానికి ఒక కొత్త రకం పడవ రూపొందించి, 1421లో దాని మీద మూడేళ్ల ప్రత్యేక హక్కు సంపాదించాడు. చరిత్రలో అతి ప్రాచీనమైన పేటెంట్లలో అది ఒకటి. 1428లో ఆ పడవ పాలరాతితో సహా మునిగిపోయింది. నష్టం ఆయనే భరించవలసివచ్చింది. 1430లో లూకా నగరం మీద జరిగిన యుద్ధంలో నదికి ఆనకట్ట కట్టి శత్రువును నీట ముంచాలని యోచన చెప్పాడు. నీరు ఫ్లారెన్స్ సైన్యపు శిబిరం మీదనే పడింది. 1434లో తాపీపనివారి శ్రేణికి రుసుము చెల్లించలేదన్న నేరం మోపి కొద్దిరోజులు చెరసాలలో పెట్టారు. గుమ్మటం కడుతున్నవాడు తాపీ శ్రేణి సభ్యుడు కాకపోవడం వారికి కంటగింపైంది. అదే ఏడు, పెళ్లి చేసుకోని ఆయన పెంచి విద్య నేర్పిన దత్తపుత్రుడు బుజ్జానో డబ్బు, నగలు పట్టుకొని నేపుల్స్‌కు పారిపోయాడు. తరువాత తిరిగివచ్చాడు. ఆయన కూడా మళ్లీ చేరదీశాడు.

1436 మార్చి 25న పోపు నాలుగవ యుజీనియస్ దేవాలయాన్ని ప్రతిష్ఠించాడు. ఆగస్టు చివరలో గుమ్మటం మూతపడింది. పూర్తిగా మూయలేదు. నడినెత్తిన ఒక గుండ్రని కన్ను విడిచిపెట్టారు. దాని మీద వెలుతురు లోపలికి దిగే పాలరాతి దీపగోపురం రావాలి. దానికి కూడా పోటీ పెట్టారు. గుమ్మటం నిలబెట్టి చూపినవాడు మళ్లీ అందరితో పాటు నమూనా చేసి ఇవ్వవలసివచ్చింది. ఇచ్చాడు, గెలిచాడు.

దీపగోపురం పని మొదలైన కొద్ది నెలలకే, 1446 ఏప్రిల్ 15న ఆయన మరణించాడు. నగరం ఆయనను ఆ గుమ్మటమున్న దేవాలయంలోనే సమాధి చేసింది. ఒక శిల్పికి అది అసాధారణ గౌరవం. పారిపోయి వచ్చిన బుజ్జానోయే ఆయన ముఖశిల్పాన్ని పాలరాతిలో చెక్కాడు. కాలక్రమాన సమాధి ఎక్కడ ఉందో కూడా మరుగునపడి, 1972లో తవ్వకాలలో బయటపడింది. గుమ్మటం లోతట్టును పదహారవ శతాబ్దంలో వసారి, ఆయన తరువాత జుక్కరి, అంతిమ తీర్పు చిత్రాలతో నింపివేశారు. నేర్పుగల పనే గాని, తెల్లని ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ నిలబడి తల ఎత్తినవారు చూసినది మరొకటి.

బ్రునెల్లెస్కికి రేఖాగణితం నేర్పిన మిత్రుడు పావొలో తొస్కనెల్లి వైద్యుడు, ఖగోళ శాస్త్రవేత్త. మిత్రుడు పోయిన సుమారు ముప్పై ఏళ్లకు, 1475 ప్రాంతంలో, ఆయన ఆ దీపగోపురం అడుగున చిన్న రంధ్రం గల ఒక కంచు పలకను అమర్చాడు. ఏటా ఉత్తరాయణం ముగిసే రోజులలో మధ్యాహ్నపు సూర్యకిరణం ఆ రంధ్రం గుండా దిగి, సుమారు తొంభై మీటర్ల శూన్యాన్ని దాటి, దేవాలయపు నేల మీద ఒక వెలుగు బిళ్లయై మెల్లగా జరుగుతుంది. అది నేల మీద ఎక్కడ పడిందో గుర్తుపెట్టి ఆయన సూర్యుని ఎత్తును కొలిచాడు.